దూలం మీది బోర్డు

హుజూరాబాద్ నుంచి హనుమకొండ పోయే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది మా ఊరు. అక్కడి పాత ఇంటి వసారాలో, దూలాల మీద 12 అడుగుల బోర్డు ఒకటి ఏళ్ల తరబడి పండుకొని ఉంది. కొత్తవాళ్లు చూస్తే ఏదో పాత పడవలో ముక్క అనుకుంటారు. అది విండ్‌సర్ఫింగ్ బోర్డు, తెరచాప బిగించి గాలికి నీళ్ల మీద నడిపేది. 2001లో దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు నేనే తెచ్చాను.

పోయిన వానాకాలం మా పెద్దమ్మాయి హైదరాబాద్ నుంచి వస్తూ భుజాన పెద్ద బ్యాగు ఒకటి మోసుకొచ్చింది. విప్పితే అందులో చుట్ట చుట్టిన మందపాటి చాప లాంటిది, ఒక చేతి పంపు, మూడు ముక్కలుగా విడిపోయే తెడ్డు ఉన్నాయి. ఆఫీసు స్నేహితులతో కలిసి నేర్చుకుందట. "డాడీ, దీన్ని స్టాండప్ ప్యాడిల్ బోర్డు అంటారు. దీని మీద నిలబడి తెడ్డేసుకుంటూ పోవాలి. చెరువు నిండింది కదా, రేపు పోదామా?" అంది. నా చూపు దూలాల మీదికి పోయింది. ఆ రోజు నుంచీ ఈ రెండు బోర్డుల గురించి రాయాలని ఉంది. రాయడం మొదలుపెడితే దుబాయ్ వస్తుంది, మా పెద్దబాపు వస్తాడు. వాళ్లు లేకుండా ఈ ముచ్చట నాకు చెప్పరాదు.

1993లో దుబాయ్ పోయేనాటికి నాకు 22 ఏళ్లు. మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్ పోతున్న రోజులవి. సముద్రం ఒడ్డున ఒక హోటల్లో తోటపని దొరికింది. గడ్డికి నీళ్లు పట్టడం, ఖర్జూర మట్టలు నరకడం. తోట దాటితే ఇసుక, ఇసుకలో మట్టలు కప్పిన ఒక పాక, పాక ముందు వరసగా బోర్డులు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ గోడ పక్కన కూచొని వాటినే చూసేవాణ్ని. రంగురంగుల తెరచాపలు నీళ్ల మీద అటూ ఇటూ తిరిగేవి. వాటిని నడిపే మనుషుల చేతుల్లో చుక్కాని లేదు, తెడ్డు లేదు. ఎట్లా తిరుగుతున్నాయో అర్థమయ్యేది కాదు. మాది చెరువు మీద చేపలు పట్టి బతికిన ఇల్లు. ఈత నాకు నడకతో పాటే వచ్చింది. ఆ సంగతి తెలిసి ఏడాది తిరగకముందే నన్ను పాక పనికి మార్చారు. పొద్దున బోర్డులు నీళ్ల దాకా మోయాలి, సాయంత్రం మంచినీళ్లతో ఉప్పు కడగాలి, తెరచాపలు ఆరబెట్టి చుట్టాలి. గాలికి దూరం కొట్టుకుపోయిన గెస్టులను మోటారు పడవ మీద పోయి తీసుకురావాలి.

అప్పటి బోర్డులు పొడుగ్గా, సన్నగా ఉండేవి. పొడవు 12 అడుగులు, వెడల్పు 65 సెంటీమీటర్లు, అంతే. పైన గట్టి ప్లాస్టిక్, లోపల నురుగు. ఒక్కొక్కటి 18, 20 కిలోలు తూగేది. రోజుకు పది బోర్డులు ఎత్తి దించితే భుజం మీద కాయ కాసేది. మా పాకలో ఎక్కువగా బిక్ కంపెనీవి ఉండేవి. పెన్నులూ లైటర్లూ చేసే ఆ ఫ్రాన్స్ కంపెనీయే. 1979 నుంచి ఈ బోర్డులు కూడా చేసింది. రాయికి కొట్టుకున్నా, ఎండలో పడేసినా తట్టుకునేవి.

పాకలో నాకంటే ముందు నుంచి ఉన్న మలయాళీ అన్న ఒకాయన ఉండేవాడు. నాకు విద్య చెప్పింది ఆయనే. మొదటి వారం నన్ను నీళ్లలోకి దింపలేదు. ఇసుకలో నిలబెట్టి కళ్లు మూసుకోమనేవాడు. "గాలి ఎక్కడి నుంచి?" అని అడిగేవాడు. ముఖం మెల్లగా తిప్పుతూ పోవాలి. రెండు చెవుల్లోనూ మోత ఒకేలా వినబడ్డ చోట ఆగాలి. అదే గాలి వచ్చే దిక్కు. ఇప్పటికీ మిద్దె మీదికి పోతే తెలియకుండానే తల అట్లా తిప్పుతాను. మా ఆవిడ చూసి "మళ్లా మొదలైందా" అంటుంది.

తర్వాత కీలు చూపించాడు. బోర్డు నడుమ మాస్ట్, అంటే తెరచాప కొయ్య, బిగించే చోట రబ్బరు కీలు ఒకటి ఉంటుంది. యూనివర్సల్ జాయింట్ అంటారు. ఈ ఆట మొత్తం దాని మీదనే ఉంది. మామూలు తెరచాప పడవలో కొయ్య నిటారుగా బిగించి ఉంటుంది, చుక్కాని తిప్పితే పడవ తిరుగుతుంది. ఇక్కడ కొయ్య ఏ దిక్కుకైనా వాలుతుంది. దాన్ని మనిషే రెండు చేతులతో పట్టి నిలబెట్టాలి. ముందుకు వాల్చితే బోర్డు ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వాల్చితే గాలి వైపుకు తిరుగుతుంది. గోడ పక్కన కూచొని నేను పట్టుకోలేకపోయిన గుట్టు అది. కాలిఫోర్నియాలో హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ అనే ఇద్దరు 1968లో దీనికి పేటెంట్ అడిగారు. అంతకుముందే అమెరికాలోనే న్యూమన్ డార్బీ అనే ఆయన ఇలాంటిది చేశాడు. ఇంగ్లండ్‌లో పీటర్ చిల్వర్స్ అయితే 1958లో, 12 ఏళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడే, సొంతంగా ఒకటి చేసుకున్నాడు. తర్వాత పేటెంట్ గొడవ కోర్టుకెక్కినప్పుడు ఆ పిల్లవాడి బోర్డు సాక్ష్యంగా వచ్చింది. ఈ కథ మలయాళీ అన్న చెప్పినప్పుడు నాకు చాలా సంతోషమైంది. పన్నెండేళ్ల వయసులో నేనూ లారీ ట్యూబుకు అరటి బోదె కట్టి చెరువులో తిరిగినవాణ్నే.

నీళ్లలో పడి ఉన్న తెరచాపను తాడుతో పైకి లేపడం మొదటి కష్టం. బట్ట మీద నీళ్లు నిలిచి ఉంటాయి. నిండు మోట లాగినట్టుంటుంది. నడుముతో లాగితే రెండో రోజు మంచం దిగలేరు. మోకాళ్లు వంచి, వెన్ను తిన్నగా పెట్టి, ఒంటి బరువుతో వెనక్కి వాలాలి. నీళ్లు జారిపోయిన క్షణాన తెరచాప ఒక్కసారిగా తేలికైపోతుంది. సరిగ్గా అప్పుడే అందరూ వెనక్కి పడతారు. నేను ఎన్నిసార్లు పడ్డానో లెక్క లేదు. పొద్దున గాలి ఉండదు కాబట్టి డ్యూటీ లేని రోజుల్లో మధ్యాహ్నం ఎండలోనే నేర్చుకోవాలి. పన్నెండు దాటాక సముద్రం మీది నుంచి గాలి మొదలయ్యేది. కొన్ని రోజులు షమాల్ అనే వాయవ్యపు గాలి పొద్దున నుంచే ఊపేది. అప్పుడు కొత్తవాళ్లను నీళ్లలోకి దింపేవాళ్లం కాదు.

ఏడో రోజో ఎనిమిదో రోజో, తెరచాప లేపి, వెనక చెయ్యి దగ్గరికి లాక్కున్నాను. బోర్డు కదిలింది. కదలడం కాదు, పాదాల కింద సన్నగా గలగలమని చప్పుడు మొదలైంది. ముక్కు నీళ్లను చీల్చుకుంటూ పోతున్న చప్పుడు. మోటారు లేదు, తెడ్డు లేదు, నా రెండు చేతుల మధ్య గాలి బరువు తెలుస్తున్నది. పగ్గం పట్టుకొని ఎడ్లు లాగుతుంటే చేతికి తెలుస్తుంది చూడండి, అట్లా. ఆ బరువు ఇప్పటికీ అరచేతుల్లో ఉంది.

గాలి వెంట పోవడం ఎవరికైనా వస్తుంది, తిరిగి రావడమే రాదు. ఎదురుగాలికి నేరుగా ఏ తెరచాపా పోదు. గాలికి ఏటవాలుగా, ఇంచుమించు 45 డిగ్రీల కోణంలో కొంత దూరం పోయి, మలుపుకొని, మళ్లీ అటు కొంత దూరం పోవాలి. పొలం దున్నేటప్పుడు చాలు మలిపినట్టు. అట్లా పోయేటప్పుడు బోర్డు పక్కకు జారిపోకుండా నడుమ ఉన్న చీలికలోంచి డాగర్‌బోర్డు అనే రెక్కను నీళ్లలోకి దింపాలి. వేగం అందుకుంటే పైకి లాగాలి. పాత బోర్డులో ఈ రెక్కే ప్రాణం. అది ఉంది కాబట్టే సన్నటి గాలికి కూడా తిరిగి ఒడ్డుకు రాగలిగేవాళ్లం.

పాక గోడకు రాబీ నైష్ బొమ్మ ఉండేది. 1976లో 13 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయిన హవాయి పిల్లవాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు, చుంగ్ చౌ అనే చిన్న దీవిలో పెరిగిన లీ లాయ్ షాన్ ఇదే ఆటలో బంగారు పతకం కొట్టింది. హాంకాంగ్‌కు ఒలింపిక్స్‌లో అదే మొదటి పతకం. పాకలో చిన్న టీవీ ముందు మేం ఆరుగురం నిలబడి చూశాం. కేరళ, ఫిలిప్పీన్స్, శ్రీలంక, మన కరీంనగర్. ఆమె మా ఇంటి ఆడపిల్ల అయినట్టు అరిచాం.

2001లో హోటల్ వాళ్లు కొత్త బోర్డులు కొన్నారు. పాతవి అమ్మేస్తుంటే ఒకటి నేను అడిగాను. తెరచాప, మాస్ట్, చేతులతో పట్టుకునే బూమ్ అన్నీ కలిపి 200 దిర్హాములు. కార్గోలో ముంబై దాకా వచ్చింది. అక్కడి నుంచి మా దిక్కు వచ్చే ప్రైవేటు బస్సు టాపు మీద, సూట్‌కేసుల మధ్య కట్టుకొని తెచ్చాను. ఊళ్లో దిగినప్పుడు తెల్లవారుజామున నాలుగు. మా బాపు లాంతరు పట్టుకొని చూసి ఏమీ అనలేదు. అవ్వ మాత్రం "ఇంత దూరం దీన్ని మోసుకొచ్చినవా కొడుకా" అంది. చెల్లె పెండ్లికి బంగారం తెస్తాననుకున్న ఇల్లు అది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. బంగారం మరుసటి ఏడు తెచ్చాను.

వచ్చింది డిసెంబర్‌లో. చెరువు కట్ట మీద ఊరంతా నిలబడింది. నేను తెరచాప లేపి నిలబడ్డాను. ఆకు కదల్లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అరగంట నిలబడితే బోర్డు రెండు గజాలు కూడా పోలేదు.

పెద్దబాపు కట్ట దిగి వచ్చాడు. అప్పటికి ఆయనకు అరవై దగ్గర. "ఏందిరా గిది?"

"తెరచాపతోని గాలికి పోయేది పెద్దబాపూ."

"మరి గాలేది? మన దిక్కు గాలి ఆషాఢంల వస్తది. పుష్యంల ఎక్కడ వస్తది?"

ఎనిమిదేళ్లు గాలి దిక్కులు చదివినవాణ్ని. మా చెరువు మీది గాలి లెక్క ఆయన ఒక్క మాటలో చెప్పాడు. వానాకాలపు పడమటి గాలి జూన్‌లో మొదలై ఆగస్టు దాకా ఉంటుంది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవల పోటీలు వానాకాలంలో పెట్టేది కూడా అందుకే. చలికాలం మన చెరువులు పండుకుంటాయి.

"ఆ కొయ్యా బట్టా తీసెయ్యి. ఒకపారి నన్ను ఎక్కనియ్యి" అన్నాడు. విప్పేశాను. ఆయన వెదురు గడ ఒకటి తీసుకొని, పంచె పైకి దోపుకొని, బోర్డు మీద మోకాళ్ల మీద కూచున్నాడు, మెల్లగా లేచి నిలబడ్డాడు. కాళ్లు కొంచెం ఎడంగా, మోకాళ్లు కొంచెం వంగి. మలయాళీ అన్న నాకు వారం రోజులు నేర్పిన నిలబడే తీరు అది. గడ ఒక్కసారి నేలకు తన్నాడు. ఆ సన్నటి బోర్డు చప్పుడు లేకుండా జారుకుంటూ తామరల అవతలికి పోయింది. అప్పటిదాకా ఆయన లారీ ట్యూబు మీద, థర్మాకోల్ తెప్ప మీద కూచొని వలలు చూసేవాడు. కూచుంటే వల ఎక్కడ మునిగిందో కనబడదు. నిలబడితే నీళ్లలోకి చూపు పోతుంది. తిరిగొచ్చి "మంచిగున్నదిరా. చేపలు కనబడుతున్నయి" అన్నాడు.

మరునాటికే దానికి మార్పులు చేశాడు. నడుమ రెక్క దింపితే వలలు తెగుతాయి కాబట్టి తీసి పక్కన పెట్టాడు. ఆ చీలికలోంచి నీళ్లు పైకి చిమ్ముతుంటే గోనెపట్టా కుక్కాడు. వెనక అడుగున ఉన్న చిన్న రెక్కను మాత్రం ఉంచాడు. "అది తీస్తే ముక్కు నిలుస్తలేదు" అన్నాడు. లోతు ఎక్కువున్న చోట గడ అందదు, దానికి పొడుగాటి తెడ్డు ఒకటి చెక్కించుకున్నాడు. నేను సెలవు అయిపోయి దుబాయ్ పోయాను. బోర్డు ఆయనకు ఉండిపోయింది.

నా బోర్డుకు గాలి ఒక్కసారే బాగా దొరికింది. 2006 ఆగస్టు. సెలవు కావాలని వానాకాలంలో పెట్టుకున్నాను. బోర్డును ట్రాలీ ఆటోలో వేసుకొని కరీంనగర్ మానేరు డ్యాం దగ్గరికి పోయాను. దిగువ మానేరు 24 టీఎంసీల నీళ్లు పట్టే డ్యాం. నిండుగా ఉంటే అవతలి ఒడ్డు సరిగా కనబడదు. పడమటి గాలి నీళ్ల మీద తెల్లటి నురుగు లేపుతున్నది. అది మంచినీళ్లు కదా, ఉప్పునీటి మీద తేలినంత తేలదు. బోర్డు కాస్త కిందికి కూచున్నట్టు పాదాలకు తెలిసింది. తెరచాప లేపాను. ఆ రోజు నేను పోయిన వేగం దుబాయ్‌లో కూడా పోలేదు. రెక్క పైకి లాగేశాను. బోర్డు ముందు సగం నీళ్లు వదిలి లేచింది. మానేరు మీద తెరచాప వేసుకొని పోతున్న మనిషిని నేనే అని, ఈ నీళ్లు మావే అని, గట్టిగా అరిచాను. విన్నవాళ్లు కొంగలు తప్ప ఎవరూ లేరు.

నాలుగో మలుపులో రబ్బరు కీలు తెగింది. దానికి అప్పటికే పదేళ్లు పైబడ్డాయి. ఎండకు సన్నటి పగుళ్లు పడడం నేను చూశాను కూడా. కీలు తెగితే బోర్డు ఒక దిక్కు, తెరచాప ఒక దిక్కు. ఈదుకుంటూ పోయి బోర్డు పట్టుకొని, బోర్లా పడుకొని, చేతులతో తెడ్డేసుకుంటూ తెరచాప దాకా పోయాను. దాన్ని చుట్టి తాడుతో కట్టుకున్నాను. అదృష్టం ఏమిటంటే గాలి కట్ట వైపే నెడుతున్నది. గంట సేపు పట్టింది. కట్ట రాళ్లకు కొట్టుకొని మాస్ట్ చీలింది, బోర్డు ముక్కు మీద జానెడు గీత పడింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. ఆ కీలు కోసం వరంగల్‌లో, హైదరాబాద్‌లో తిరిగాను, దొరకలేదు. దుబాయ్ నుంచి తెద్దామనుకుంటూనే 2009లో అక్కడి ఉద్యోగమే పోయింది. హనుమకొండలో పంపుసెట్ల సామాను దుకాణం పెట్టుకున్నాను. తెరచాపను ఎలుకలు కొట్టాయి. 2012లో పెద్దబాపు పోయాడు. దినాలైన తర్వాత బాపు, నేనూ కలిసి బోర్డును దూలాల మీదికి ఎక్కించాం.

ఇప్పుడు మా అమ్మాయి బోర్డు దగ్గరికి వస్తాను.

చెరువు కట్ట కింద చాప లాంటి దాన్ని పరిచి పంపు కొట్టింది. పది నిమిషాలు. నేను తర్వాత ఎన్నిసార్లు అడిగి తెలుసుకున్నానో, ఈ గాలి బోర్డు లోపల పై పొరకూ కింది పొరకూ మధ్య వేల దారాలు కుట్టి ఉంటాయి. మన బొంతకు నడుమ కుట్లు వేస్తే ఉబ్బకుండా సమంగా ఉంటుంది కదా, అదే పని. ఆ దారాలు లేకపోతే గాలి కొట్టగానే ట్యూబులా గుండ్రమవుతుంది. ఉన్నాయి కాబట్టి 15 పీఎస్ఐ దగ్గర చెక్కంత గట్టిగా అవుతుంది. బైకు ముందు చక్రానికి కూడా దీనికంటే ఎక్కువే కొడతాం. వేలితో తట్టి చూశాను, టక్కుమంది. మందం 15 సెంటీమీటర్లు, పొడవు పదిన్నర అడుగులు, వెడల్పు 81 సెంటీమీటర్లు. బరువు 9 కిలోలు. ఒంటి చేత్తో ఎత్తాను. నా భుజం మీది కాయ గుర్తొచ్చింది.

ఎక్కి నిలబడ్డాను. 30 ఏళ్ల కింద నేను వారం రోజులు పడి లేచి నేర్చుకున్నది ఇక్కడ రెండు నిమిషాల పని. 65 సెంటీమీటర్లకూ 81కీ తేడా 16 సెంటీమీటర్లు, పుస్తకం వెడల్పంత. ఆ 16 సెంటీమీటర్ల వల్ల మా ఆవిడ కూడా ఎక్కింది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె నా పాత బోర్డు మీద ఒక్కసారీ కాలు పెట్టలేదు. దీని మీద మొదట కూచుంది, తర్వాత మోకాళ్ల మీద లేచింది, సాయంత్రానికి నిలబడి తామరల దాకా పోయి వచ్చింది. ఒక్క ఈ కారణానికే నేను కొత్త బోర్డుకు దండం పెడతాను.

గాలి కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. డిసెంబర్‌లో కట్ట మీద ఊరంతా చూస్తుండగా నేను నిలబడిపోయిన ఆ చెరువు మీద, ఈ బోర్డు ఏ రోజైనా పోతుంది. నీళ్లు ఎంత నిశ్చలంగా ఉంటే అంత బాగా పోతుంది. ధర్మసాగర్ అయినా, పాకాల అయినా, లక్నవరం అయినా పొద్దుటి పూట మన చెరువులకు సరిపోయే బోర్డు ఇదేనని నా నమ్మకం. పాత బోర్డు సముద్రపు గాలి కోసం పుట్టింది. దాన్ని ఇంత ప్రేమించిన నాకే ఈ మాట చెప్పడం కష్టంగా ఉంది, కానీ నిజం.

అయితే గాలి వచ్చిందా, కథ తిరగబడుతుంది. గాలి బోర్డు నీళ్ల మీద ఎత్తుగా తేలుతుంది, తేలిక, నిలబడ్డ మనిషే దానికి తెరచాప. జూలైలో పడమటి గాలికి ఎదురుగా తెడ్డేసి చూడండి, ఒళ్లు హూనమవుతుంది. మోకాళ్ల మీద కూచుంటే కొంత నయం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బోర్డు మీంచి పడితే తెరచాప కూడా నీళ్లలో పడుతుంది, అది లంగరులా పట్టి ఆపుతుంది. లేచి చూస్తే బోర్డు పక్కనే ఉండేది. అందుకే మేం కాలికి తాడు కట్టుకునే ఎరగం. ఈ కొత్తదాని మీంచి పడితే బోర్డును గాలి విస్తరాకులా ఎగరేసుకుపోతుంది, ఎంత ఈతగాడైనా అందుకోలేడు. చీలమండకు కట్టే చుట్టల తాడు తప్పనిసరి. మా అమ్మాయికి ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాను. మత్తడి దుంకుతున్నప్పుడు ఆ దిక్కు పోవద్దు, తూము దగ్గరికి అసలే పోవద్దు. పారే నీళ్లలో కాలి తాడు దేనికైనా చిక్కుకుంటే అదే ముంచుతుంది. లైఫ్ జాకెట్ లేకుండా కట్ట దిగొద్దు.

తెడ్డు వేయడంలో మాత్రం మా అమ్మాయి నాకు గురువు. తెడ్డు ఆకు కొంచెం ముందుకు వంగి ఉంటుంది, ఆ వంపు బోర్డు ముక్కు వైపు ఉండాలి. చూడడానికి తిప్పి పట్టుకున్నట్టే ఉంటుంది. నేనూ మొదట తిప్పే పట్టుకున్నాను. తెడ్డు పొడవు మన ఎత్తుకు జానెడు ఎక్కువ ఉండాలి. చేతులతో లాగకుండా నడుము తిప్పి, తెడ్డును ముందు నీళ్లలో గుచ్చి, పాదాల దాకా లాగి వదిలేయాలి. నాలుగైదు అటు, నాలుగైదు ఇటు.

హవాయిలో వైకీకీ దగ్గర సర్ఫింగ్ నేర్పేవాళ్లు ఎప్పుడో 1940లు, 50లలో ఇట్లా నిలబడి తెడ్డేసేవాళ్లట. 2000 ప్రాంతంలో లేయర్డ్ హామిల్టన్, డేవ్ కలామా దీన్ని మళ్లీ బయటికి తెచ్చారు. ఇద్దరూ అంతకుముందు తెరచాప బోర్డులు తొక్కినవాళ్లే. మా పాక గోడ మీది రాబీ నైష్ కూడా తర్వాత తన పేరుతో ఇవే బోర్డులు అమ్మాడు. బిక్ కూడా కొన్నాళ్లు చేసింది. గాలి లేని రోజున ఏం చేయాలో తెలియక ఒడ్డున కూచున్నవాళ్లు వీళ్లంతా అని నాకు అనిపిస్తుంది. వాళ్లు హవాయిలో తెడ్డు పట్టిన ఆ రోజుల్లోనే మా పెద్దబాపు ఇక్కడ గడ పట్టాడు.

మూడో రోజు మా అమ్మాయే అడిగింది, "డాడీ, మీ బోర్డు దించుదామా?" అని. ఇద్దరు పిలగాళ్లను పిలిచి దించాం. దుమ్ము, పిచ్చుక గూడు, పెద్దబాపు కుక్కిన గోనెపట్టా అట్లనే ఉంది. కడిగి చెరువులో వేశాం. రెక్క పెట్టకుండా, ఆమె తెడ్డుతో నేను ఒక చుట్టు పోయాను. వంకరగా ఊగుతుంది, మాస్ట్ బిగించే పట్టా మడమకు గుచ్చుకుంటుంది. కానీ ఒక తెడ్డు వేస్తే కొత్తది పోయినదానికి రెట్టింపు జారుతుంది అనిపించింది. పొడుగ్గా, సన్నగా, బరువుగా ఉండడం ఇక్కడ పనికొస్తుంది. ఒకసారి కదిలిందంటే ఆగాలని ఉండదు దానికి. నడుమ రెక్క దింపి చూస్తే గీసినట్టు తిన్నగా పోయింది, కాకపోతే మలపడం కష్టం. పాదాల కింద అదే గలగల. గాలి బోర్డు మెత్తగా పోతుంది, అడుగున తప తప అంటుంది. ఈ గలగల దానికి రాదు. నేను నడి చెరువులో తెడ్డు ఆపి, అది ఆగేదాకా వింటూ నిలబడ్డాను.

తర్వాత అమ్మాయి ఎక్కింది. సన్నటి బోర్డు మీద రెండుసార్లు పడింది. మూడోసారి మోకాళ్ల మీంచి లేస్తూ, ముందుకూ వెనక్కూ జరుగుతూ, ముక్కు మునగని చోటు, తోక మునగని చోటు వెతుక్కుంటూ పాదాలు పెట్టింది. "ఇక్కడ బాగుంది డాడీ, ఇక్కడ కదలట్లేదు. కానీ ఇక్కడ నున్నగా ఉంది, జారుతుంది" అని అరిచింది.

ఒడ్డుకు తెచ్చాక వంగి చూశాను. బోర్డు పైన కాలు జారకుండా గరుకు ఉంటుంది. అంతా అట్లనే ఉంది, రెక్క చీలికకు అటూ ఇటూ రెండు చోట్ల మాత్రం అరిగి నున్నగా అయ్యింది. కుడి పక్క కొంచెం ఎక్కువ. పెద్దబాపు గడ కుడి చేతి మీద వేసేవాడు. పదేళ్లు రోజూ పొద్దున వలలు చూడడానికి పోయినప్పుడు ఆయన నిలబడ్డ చోటు అది.

అమ్మాయి తడి పాదాలు తెచ్చి ఆ రెండు మచ్చల్లో మళ్లీ పెట్టి చూసుకుంది. ఆయన పాదం పెద్దది. "తాత గడ ఇంకా ఉందా?" అని అడిగింది. కొట్టంలో ఉంటుందేమో చూద్దామని ఇంటి దిక్కు నడిచాం.